సంక్లిష్టమైన పనిని తేటగా చెప్పడం, సంస్థ పేరు నిలుపుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పరిశోధన సంస్థలు, ఆసుపత్రులు, ఇంజినీరింగ్, సాఫ్ట్‌వేర్ కంపెనీలు, ప్రజలకు సేవలందించే సంస్థలు: వీటి తరఫున బయటివాళ్లతో మాట్లాడే బాధ్యత ఉన్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి.

మా పని లోతైన సాంకేతిక పని. మామూలు మాటల్లో రాస్తే పలచబడిపోదా?

వివరాలు తీసేస్తే పలచబడుతుంది. మాటలు మారిస్తే పలచబడదు. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్ల చాలా సంస్థలు భయపడతాయి. “హృద్ధమనీ అవరోధం” అని రాసినా, “గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం పూడుకుపోయింది” అని రాసినా విషయం ఒక్కటే. నిజానికి రెండో వాక్యంలోనే సమాచారం ఎక్కువ. ఆ నాళం చేసే పనేమిటో కూడా అది చెప్పింది.

సంస్థ పేరుకూ దీనికీ నేరుగా సంబంధం ఉంది. అర్థం కానిదీ, దాచిపెట్టినదీ చదివేవాడికి ఒకేలా కనిపిస్తాయి. అంతా సవ్యంగా ఉన్న రోజుల్లో మీ నివేదిక అర్థం కాకపోయినా ఎవరూ పట్టించుకోరు. ఏదైనా తేడా జరిగిన రోజున అదే నివేదిక తెరిచి, “చూశారా, తెలియకూడదనే ఇలా రాశారు” అంటారు. అందుకే తేటగా రాసే అలవాటు కష్టకాలం రాకముందే ఉండాలి. ఆ రోజున మొదలుపెడితే చేతకాదు.

నిపుణుల దగ్గర్నుంచి విషయం ఎలా రాబట్టాలి?

45 నిమిషాలు అడగండి. వీలైతే ఇద్దరు వెళ్లండి: ఒకరు మాట్లాడటానికి, ఒకరు రాసుకోవడానికి. అనుమతి తీసుకుని రికార్డు చేయండి. స్లైడ్లు మాత్రం తెరవనివ్వకండి. తెరిస్తే వాళ్లు స్లైడుతో మాట్లాడతారు, మీతో కాదు.

అడగాల్సినవి ఇవి: దీనివల్ల ఎవరికి ఏం మారుతుంది? ఇది లేనప్పుడు ఆ పని ఎలా జరిగేది? ఇందులో మీరు ఖచ్చితంగా చెప్పలేనిది ఏది? దీన్ని జనం తప్పుగా అర్థం చేసుకుంటే ఎలా చేసుకుంటారు? చివరి ప్రశ్నను ఎప్పుడూ వదలొద్దు. ఎక్కడ అపార్థం పుడుతుందో నిపుణులకు ముందే తెలుసు, కాకపోతే వాళ్లను ఎవరూ అడగరు.

ఆఖరి పది నిమిషాల్లో మీకు అర్థమైనదంతా మీ మాటల్లో వాళ్లకే తిరిగి చెప్పండి. తప్పుగా చెప్పినా సంకోచించకండి. “కాదు కాదు, అలా కాదు” అని అందుకుని వాళ్లు చెప్పే వాక్యమే చాలాసార్లు మీ వ్యాసానికి మొదటి వాక్యం అవుతుంది.

వాక్యంలో ఏం మార్చాలో ఒక ఉదాహరణతో చూపించగలరా?

తాగునీటి పరీక్ష ఫలితం గురించి ఇలాంటి ప్రకటన వచ్చిందనుకుందాం:

“సేకరించబడిన నమూనాలను విశ్లేషించగా నైట్రేట్ గాఢత లీటరుకు 62 మిల్లీగ్రాములుగా నమోదైనట్లు, ఇది నిర్దేశిత ప్రమాణాలకన్నా అధికముగా ఉన్నట్లు గుర్తించబడినది. తగు చర్యలు తీసుకొనబడుచున్నవి. వినియోగదారులు తగు జాగ్రత్తలు పాటించవలసినదిగా కోరడమైనది.”

తిరగరాస్తే:

“ఈ నీళ్లతో పసిపిల్లలకు పాలు కలపకండి. మరగబెట్టి కూడా వాడకండి. మరగబెడితే నైట్రేట్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఈ నీటిలో లీటరుకు 62 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 50. సీసాపాలు తాగే పసికందులను దృష్టిలో ఉంచుకునే ఆ హద్దు పెట్టారు. స్నానానికి, బట్టలు ఉతకడానికి ఈ నీళ్లు వాడుకోవచ్చు. పాలు కలపడానికి వేరే నీళ్లు మా కార్యాలయం దగ్గర ఇస్తున్నాం. మరో పరీక్ష ఫలితం గురువారం సాయంత్రం 5 గంటలకు ప్రకటిస్తాం.”

మొదటిదానిలో అబద్ధం లేదు, కానీ పసిబిడ్డ తల్లికి అందులో ఏమీ లేదు. “తగు జాగ్రత్తలు” అని చదివిన ఎవరైనా ముందు నీళ్లు మరగబెడతారు. ఇక్కడ అది సరిగ్గా చేయకూడని పని. అస్పష్టంగా రాయడం వల్ల హాని జరిగేది ఇలాగే.

తెలుగులో ప్రత్యేకంగా మూడు చోట్ల కన్నేసి ఉంచాలి. ఒకటి, “బడు”. గుర్తించబడింది, నిర్ణయించబడింది అన్నప్పుడల్లా పని చేసినవాళ్లు మాయమైపోతారు. “మా ల్యాబ్ గుర్తించింది”, “మేము నిర్ణయించాం” అనండి. రెండు, “తగు”, “సంబంధిత”, “అనివార్య కారణాల వల్ల”. ఈ మాట కనిపించిన ప్రతిచోటా “ఏది? ఎవరు? ఏ కారణం?” అని అడిగి ఆ జవాబును అక్కడ పెట్టండి. మూడు, వాక్యం పొడవు. మనకు క్రియ చివర వస్తుంది కాబట్టి ముప్ఫై మాటల వాక్యంలో అవునో కాదో చిట్టచివర గానీ తేలదు. పదిహేను మాటలు దాటితే ఎక్కడ విరవొచ్చో చూడండి.

అంకెలు ఎలా చెప్పాలి?

నిష్పత్తి ఒక్కటే చెప్పకండి, అసలు సంఖ్య పక్కనే ఉండాలి. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో ఔషధ భద్రతా కమిటీ ఒక హెచ్చరిక చేసింది. కొత్త రకం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపు అవుతోందన్నది దాని సారాంశం. అది నిజమే. కాకపోతే ఆ రెట్టింపు అన్నది 7,000 మందిలో ఒకరి నుంచి 7,000 మందిలో ఇద్దరికి పెరగడం. “రెట్టింపు” అన్న మాట విని ఎంతోమంది మహిళలు మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో అదనంగా సుమారు 13,000 గర్భస్రావాలు జరిగాయని అంచనా. పైగా గర్భం వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ మాత్రల వల్ల వచ్చేదానికన్నా ఎక్కువ. ఇక్కడ అంకెలో పొరపాటు లేదు, చెప్పిన తీరులోనే ఉంది.

పోల్చేటప్పుడు హారం ఒకటే ఉంచండి. “200 మందిలో ఒకరు”, “50 మందిలో ఒకరు” అంటే ఏది పెద్దదో చాలామందికి వెంటనే తట్టదు. “వెయ్యిమందిలో 5, వెయ్యిమందిలో 20” అనండి. కొలమానం పేరు ప్రతిసారీ రాయండి. నాసా అంగారక గ్రహానికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక 1999లో నాశనం కావడానికి కారణం ఒక బృందం బలాన్ని పౌండ్ల కొలతలో లెక్కకట్టి ఇస్తే ఇంకో బృందం దాన్ని న్యూటన్లలో ఉందనుకోవడమే. ఒకే పని మీదున్న ఇంజినీర్ల మధ్యే అలా జరిగినప్పుడు బయటి పాఠకుడు ఊహించుకుని చదువుకుంటాడని అనుకోవద్దు.

మాకే ఇంకా పూర్తిగా తెలియని విషయాన్ని ఎలా చెప్పాలి?

తెలియదని చెప్పాలి. ఏది తెలియదో, ఎందుకు తెలియదో, ఎప్పటికి తెలుస్తుందో కూడా చెప్పాలి. “బహుశా”, “అవకాశం ఉంది” అన్న మాటలు ఒక్కొక్కరికి ఒక్కో కొలతలో వినిపిస్తాయి. వాతావరణ మార్పుపై అంతర్‌ప్రభుత్వ సంఘం, అంటే ఐపీసీసీ, తన నివేదికల్లో ఈ మాటలకు లెక్క కట్టింది. “అవకాశం ఉంది” అంటే 66 నుంచి 100 శాతం, “చాలా అవకాశం ఉంది” అంటే 90 నుంచి 100 శాతం. మీకు అంత పెద్ద పట్టిక అక్కర్లేదు, కానీ మాట పక్కన అంకె ఉండాలి.

ఊరడించడానికి ధీమాగా మాట్లాడటం అన్నిటికన్నా ప్రమాదం. 2009లో ఇటలీలోని లాక్విలాలో నెలల తరబడి చిన్న ప్రకంపనలు వస్తుంటే, ఒక అధికారి టీవీ కెమెరా ముందు ప్రమాదమేమీ లేదన్నారు. భూమిలోని శక్తి కొంచెం కొంచెంగా బయటికి పోతోంది కాబట్టి ఇది మంచిదేనన్న అర్థంలో మాట్లాడారు. ఏప్రిల్ 6న వచ్చిన భూకంపంలో 309 మంది చనిపోయారు. ఆ అధికారికీ, మరో ఆరుగురు శాస్త్రవేత్తలకూ 2012లో కోర్టు శిక్ష వేసింది. 2014లో అప్పీలులో శాస్త్రవేత్తలు నిర్దోషులుగా బయటపడ్డారు. “భూకంపం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, ఇది ప్రమాదమున్న ప్రాంతం, పాత ఇళ్లలో ఉన్నవాళ్లు జాగ్రత్త” అన్న నిజమైన మాట ఆ రోజు జనానికి చేరలేదు.

నిపుణులు, లాయర్లు, మేనేజర్లు తలా ఒక చెయ్యి వేసి రాతను చెడగొడుతున్నారు. ఏం చేయాలి?

ఎవరు ఏది దిద్దవచ్చో ముందే రాసి పెట్టుకోండి. నిపుణుడు విషయంలో తప్పుంటే దిద్దాలి. లాయరు చట్టపరమైన చిక్కు ఎక్కడుందో గీత గీసి కారణం రాయాలి. వాక్యం ఎలా ఉండాలన్నది మాత్రం ఒక్కరి చేతిలోనే ఉండాలి. పత్రం పంపేటప్పుడు “మీ అభిప్రాయం చెప్పండి” అనకండి. “ఇందులో తప్పు ఏదైనా ఉందా? రేపు మధ్యాహ్నం 12లోగా చెప్పండి” అనండి. అభిప్రాయం అడిగితే అందరూ విశేషణాలు చేరుస్తారు.

రాసింది అర్థమైందో లేదో ఎలా తెలుస్తుంది?

“అర్థమైందా?” అని అడగొద్దు, మొహమాటానికి అందరూ అయ్యిందనే అంటారు. ఆ రంగం తెలియని ఐదారుగురికి ఇచ్చి, చదివాక కాగితం తీసేసుకుని, “ఇందులో ఏం చెప్పారు? మీరు ఇప్పుడు ఏం చేస్తారు?” అని అడగండి. వాళ్ల జవాబు మీ ఉద్దేశంతో ఎక్కడ విడిపోతుందో అక్కడ రాత చెడింది. ఇద్దరు ఒకే చోట తడబడితే మరొకరికోసం చూడక్కర్లేదు, దిద్దేయండి.

కష్టకాలం రాకముందే ఏం సిద్ధం చేసుకోవాలి?

పెద్ద ప్రణాళిక పుస్తకం అక్కర్లేదు. వంద పేజీల పుస్తకాన్ని ఆ రోజు ఎవరూ తెరవరు. రెండు పేజీలు చాలు, అవి కాగితం మీద ఉండాలి. ఎందుకంటే కంప్యూటర్లు పడిపోయిన రోజే అవి కావాల్సి వస్తుంది.

మొదటి పేజీలో పేర్లు, సొంత ఫోన్ నంబర్లు ఉండాలి. మాట్లాడేది ఎవరు, ఆ మనిషి దొరక్కపోతే ఎవరు, ప్రకటనకు సరే అనగలిగే ఇద్దరు ఎవరు, వెబ్‌సైటు పాస్‌వర్డు ఎవరి దగ్గరుంది. ఆ ఇద్దరిలో ఏ ఒక్కరు సరే అన్నా ప్రకటన వెళ్లాలని రాసిపెట్టండి. ఇద్దరూ కావాలంటే ఒకరు విమానంలో ఉంటారు. రెండో పేజీలో మీ పనిలో జరగగల ఐదు చెడ్డ సంగతులు, ఒక్కోదానికి మొదటి నాలుగు వాక్యాల ఖాళీ నమూనా.

ఆరు నెలలకోసారి ఒక గంటపాటు రిహార్సల్ చేయండి. ఆ గంటలో దాదాపు ఎప్పుడూ బయటపడేది ఒకటే: ఎవరో ఉద్యోగం మారారు, నంబరు పనిచేయడం లేదు.

జవాబులిచ్చే చోటు కూడా ముందే తేల్చుకోండి, అది మీ అసలు వెబ్‌సైటులోనే ఉండాలి. 2017లో ఈక్విఫాక్స్ అనే అమెరికా క్రెడిట్ సమాచార సంస్థ నుంచి సుమారు 14.7 కోట్ల మంది వివరాలు చోరీ అయ్యాయి. బాధితుల కోసం ఆ సంస్థ కొత్త పేరుతో వేరే సైటు తెరిచింది. అది చూడటానికి మోసగాళ్ల సైటులా ఉండటంతో జనం నమ్మలేకపోయారు. ఒక సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఆ పేరులో మాటలు అటూ ఇటూ మార్చి, ఎంత తేలిగ్గా మోసం చేయవచ్చో చూపడానికి నకలు సైటు పెడితే, సంస్థ సొంత ట్విటర్ ఖాతాయే పొరపాటున ఆ నకలు లింకును జనానికి ఇచ్చింది.

ఘటన జరిగిన మొదటి గంటలో ఏం చెప్పాలి?

నాలుగు విషయాలు: మాకు తెలిసింది, మాకు ఇంకా తెలియనిది, మీరు చేయాల్సింది, మళ్లీ ఎప్పుడు చెబుతామన్నది. ఒక నమూనా:

“ఈ ఉదయం 6:40కి మా రెండో గోదాములో మంటలు లేచాయి. లోపలున్న 14 మందీ బయటికి వచ్చారు. పొగ పీల్చిన ఇద్దరు ఆసుపత్రిలో ఉన్నారు. మంటలకు కారణం ఇంకా తెలియదు. గాలి తూర్పుకు వీస్తోంది. అటువైపు ఉన్నవాళ్లు తలుపులు, కిటికీలు మూసుకుని ఇంట్లోనే ఉండాలని అగ్నిమాపక సిబ్బంది చెబుతున్నారు. 8:30కి మళ్లీ వివరాలిస్తాం, అప్పటికి కొత్త సంగతి లేకపోయినా.”

ఆఖరి మాట చాలా ముఖ్యం. 8:30కి చెప్పడానికేమీ లేదని మౌనంగా ఉంటే, ఆ ఖాళీని పుకారు నింపుతుంది. “కారణం ఇంకా తెలియదు, విచారణ జరుగుతోంది, తర్వాతి సమాచారం 10 గంటలకు” అన్నా చాలు. నష్టం అంచనా, కారణంపై ఊహ, “పరిస్థితి పూర్తిగా అదుపులో ఉంది” అన్న మాట మొదటి గంటలో వద్దు. ఈ మూడూ తర్వాత వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది.

ఇదే సమాచారం ఉద్యోగులకు ఐదు నిమిషాల ముందే చేరాలి. వాళ్ల ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగు ముందు అడిగేది వాళ్లనే.

మాట్లాడితే కోర్టులో మన మీదకే వస్తుందని లాయరు అంటున్నారు.

ఆ భయం ఉత్తది కాదు. కానీ జరిగినదాన్ని చెప్పడం వేరు, తప్పెవరిదో తేల్చడం వేరు. “పొగ పీల్చిన ఇద్దరు ఆసుపత్రిలో ఉన్నారు, వాళ్ల కుటుంబాలతో మాట్లాడాం” అన్నది మొదటి రకం. “వైరింగ్ సరిగ్గా లేకపోవడం వల్ల” అన్నది రెండో రకం, అది విచారణ తేల్చాలి. లాయరును “ఏది చెప్పకూడదు?” అని కాకుండా “ఇవాళ ఏది చెప్పగలం?” అని అడగండి. చెప్పి తీరాల్సిన గడువులూ ఉంటాయి. యూరప్ వ్యక్తిగత సమాచార చట్టం జీడీపీఆర్ ప్రకారం, వ్యక్తులకు హాని కలిగించగల డేటా ఉల్లంఘన బయటపడితే నియంత్రణ సంస్థకు సాధారణంగా 72 గంటల్లో తెలపాలి. మీకు వర్తించే గడువులేవో ఆ రెండు పేజీల్లోనే రాసుకోండి.

క్షమాపణ ఎలా చెప్పాలి?

తప్పు మీదేనని తేలాక, ఒకే ఒకసారి, పూర్తిగా. ఏం జరిగింది, ఎవరికి నష్టం, మా తప్పేమిటి, ఆ నష్టానికి ఏం చేస్తున్నాం, మళ్లీ జరగకుండా ఏం మార్చాం. “ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే” అని రాయకండి. దెబ్బతిన్నాయో లేదో అన్న అనుమానాన్ని బాధితుడి మీదే వేసే వాక్యమది. “అసౌకర్యానికి చింతిస్తున్నాం” అన్నది బస్సు ఆలస్యానికి సరిపోతుంది, ఒకరి పొదుపు సొమ్ము పోయినప్పుడు సరిపోదు. “మనం” అనే మాటా వద్దు. మన భాషలో “మనం” వినేవాణ్ని కూడా కలుపుకుంటుంది. తప్పు చెప్పేటప్పుడు “మేము” అనే ఉండాలి.

సాంకేతిక తప్పును విప్పి చెప్పడంలో, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్ సంస్థ 2017లో చేసింది చూడదగ్గది. జనవరి 31న వాళ్ల ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశారు. ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లలో ఏదీ అనుకున్నట్టు పనిచేయలేదు. సుమారు ఆరు గంటల డేటా పోయింది. వాళ్లు రికవరీ పనిని ప్రత్యక్ష ప్రసారం చేశారు, పని పత్రాన్ని అందరికీ తెరిచి ఉంచారు, తర్వాత పూర్తి నివేదిక పెట్టారు. చెరిపిన మనిషిని ముందుకు తోయకుండా, చెరిపినా కోలుకోలేని వ్యవస్థ ఎందుకుందో చెప్పారు. జనం కోపం అంతటితో పోలేదు గానీ, దాచారన్న మాట మాత్రం రాలేదు.

మా మీద తప్పుడు ప్రచారం నడుస్తోంది. ఖండించాలా, వదిలేయాలా?

ఎంతమంది చూశారు, దానివల్ల ఎవరికైనా హాని ఉందా, ముఖ్యమైనవాళ్లెవరైనా మిమ్మల్ని అడిగారా? మూడింటికీ జవాబు చిన్నదైతే గమనిస్తూ ఉండండి చాలు. ఖండించాల్సి వస్తే నిజంతో మొదలుపెట్టండి. పుకారును శీర్షికలో పెడితే పుకారే గుర్తుంటుంది. “మా మందులో విషం లేదు” అన్న వాక్యంలో జనానికి మిగిలేది “విషం”. “ఈ బ్యాచ్‌ను ఫలానా ల్యాబ్ ఫలానా తేదీన పరీక్షించింది, ఫలితం ఇదీ” అనండి. “తీవ్రంగా ఖండిస్తున్నాం” అన్నది రుజువు కాదు.

లీగల్ నోటీసు ఆఖరి అస్త్రం. గాయని బార్బ్రా స్ట్రైసాండ్ 2003లో తన ఇంటి ఫొటోను తీరప్రాంత చిత్రాల సైటు నుంచి తొలగించాలని దావా వేశారు. అంతకుముందు ఆ ఫొటోను డౌన్‌లోడ్ చేసుకున్నది ఆరుసార్లు, అందులో రెండు ఆమె లాయర్లవే. దావా వార్త బయటికొచ్చాక నెలలో 4,20,000 మందికి పైగా ఆ సైటు చూశారు.

మేమే తప్పు ప్రచురించాం. చడీచప్పుడు లేకుండా దిద్దేయవచ్చా?

అక్షరదోషమైతే దిద్దేయండి. విషయం మారితే తేదీ వేసి, ముందు ఏముందో, ఇప్పుడేం మార్చారో పేజీ పైనే రాయండి. పాత పేజీ స్క్రీన్‌షాట్ ఎవరి దగ్గరో ఉంటుంది. హిమాలయ హిమనదాలు 2035 నాటికి కరిగిపోవచ్చని ఐపీసీసీ 2007 నివేదికలో ఒకచోట వచ్చింది. దానికి సరైన ఆధారం లేదు. 2010 జనవరిలో ఆ సంఘం తప్పు ఒప్పుకుంది. ఈలోగా వేల పేజీల నివేదికలో ఆ ఒక్క పేరా మీదే చర్చ నడిచింది. తప్పు తెలిసిన రోజునే దిద్దితే అది సవరణ, ఆలస్యమైతే అదే వార్త.

విలేకరి ఫోన్ చేశారు. ఏం చేయాలి?

పేరు, సంస్థ, ప్రశ్న, గడువు రాసుకుని, ఎన్నింటికి తిరిగి చేస్తారో చెప్పి, ఆ వేళకు చేయండి. తెలియనిదానికి ఊహించొద్దు. “మాట్లాడదలచుకోలేదు” అనే బదులు ఎందుకు మాట్లాడలేరో చెప్పండి: “విచారణ నడుస్తోంది, నివేదిక వచ్చాక చెబుతాం.” ముందుగా ఒప్పందం లేకపోతే మీరన్న ప్రతి మాటా అచ్చు కావచ్చు.

బయటి ఏజెన్సీని పెట్టుకోవాలంటే ఏం చూడాలి?

వాళ్లు ఇంతకుముందు రాసిన కష్టమైన విషయం ఒకటి చదివి, మీకు అర్థమైందా అని చూడండి. “మీ మీద చెడ్డగా వచ్చినవన్నీ తీయించేస్తాం”, “వంద మంచి రివ్యూలు పెట్టిస్తాం” అంటే ఒప్పుకోకండి. దొంగ రివ్యూలు చాలా దేశాల్లో చట్టవిరుద్ధం, బయటపడితే అసలు సమస్యకన్నా పెద్ద వార్త అవుతుంది. మీ నిర్ణయాల సమావేశంలో వాళ్లకు కుర్చీ ఉంటుందా అని వాళ్లు అడిగితే అది మంచి గుర్తు. నిర్ణయం అయిపోయాక దానికి మాటలు తొడిగే పని మాత్రమే ఇస్తే ఏ ఏజెన్సీ అయినా చేయగలిగేది తక్కువ.

ఫలితం ఎలా కొలవాలి?

పత్రికల్లో ఎన్నిసార్లు పేరొచ్చిందన్న లెక్క పెద్దగా ఏమీ చెప్పదు. మీ ఫోన్ డెస్క్‌కు వచ్చే ప్రశ్నలు రాసిపెట్టండి. ఒక ప్రకటన పెట్టిన వారంలో “అంటే మేమేం చేయాలి?” అన్న ఫోన్లు ఎన్ని వచ్చాయి, తిరగరాశాక ఎన్ని తగ్గాయి అన్నది చూడండి. మూడు నెలలకోసారి అదే ఐదు ప్రశ్నలను అదే రకం మనుషుల్ని అడగండి. వాటిలో ఒకటి తప్పకుండా ఇలా ఉండాలి: “ఈ సంస్థలో ఏదైనా తేడా వస్తే వాళ్లే మీకు చెబుతారని అనుకుంటున్నారా?”